నేనే అరగదీసిన చెవి

“బావా! సర్వం పోయిందటగా!”

ఆ కేక మా బావమరిదిది. వాడింకా వీధి మలుపులోనే ఉన్నాడు, గొంతు మాత్రం నా దుకాణంలోకి వచ్చేసింది. ఎక్కడ ఏం జరిగినా మనిషికన్నా ముందు మోత వస్తుంది కనక వాణ్ణి మేమంతా అంబులెన్సు అంటాం. ఇవాళ ఆ అంబులెన్సు వెనక సగం వీధి నడిచొచ్చింది. చెప్పులు కుట్టే మేస్త్రీ, పేపర్లమ్మే ఆవిడ, ఎండైనా వానైనా గొడుగు వదలని లెక్కల మాస్టారు, ఇంకా నా దగ్గర ఎప్పుడూ తాళం బాగు చేయించుకోని వాళ్ళు కూడా. పరామర్శకి వచ్చినవాళ్ళ మొహాల్లో ఉండే సరుకే అందరి మొహాల్లోనూ ఉంది: సగం బాధ, సగం ఆత్రం.

“తాళాలాయన ఇంట్లోనే దొంగలు పడితే ఇక మాకు తలుపులెందుకయ్యా? పరదాలు కట్టుకుంటే పోలా?” అన్నాడు మేస్త్రీ.

“దొంగలు పడ్డారని ఎవరు చెప్పార్రా?” అన్నాను బావమరిదితో.

“నీ కూతురే! పొద్దున్నే ఫోన్ చేసింది. మావయ్యా, సర్వం పోయింది, అమ్మ ఏడుస్తోంది, నాన్న ఉలకడం లేదు పలకడం లేదు అంది. వెనకాల నీ మిషను గర్రుమంటోంది. ఇంకేం వింటాను? పరిగెత్తుకొచ్చేశాను!”

మా అమ్మాయి చెప్పింది “సర్వర్ పోయింది” అని. తాళంచెవులు కోసే మిషను పక్కన నిలబడి మాట్లాడితే అవతలివాడి చెవులు పనిచెయ్యవు. అది సరిదిద్దడానికి పిల్ల నోరు తెరవబోయింది. నేను కళ్ళతోనే వద్దన్నాను. దొంగలు పడ్డారంటే జాలి పడతారు. అసలు సంగతి తెలిస్తే గేలి చేస్తారు. జాలికీ గేలికీ మధ్య నాకున్నది ఒక్క పూట గడువు. ఆ పూటలో సంగతి చక్కబెట్టేసుకుంటే, దొంగలు కూడా వచ్చినదారినే వెళ్ళిపోయారని చెప్పెయ్యొచ్చు.

“అందరూ కాసేపు మెట్ల మీద కూర్చోండి. లోపల పోయినవేంటో చూసుకుంటున్నాం” అని, పిల్లని ముందు లోపలికి పంపి, వెనకగది తలుపు వేసేసుకున్నాను.

పోయినవారం సంచికని బీరువా అరల్లో పరిచేసుకున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. పదిహేనేళ్ళుగా మా ఇంటి ఉత్తరాలు, ఫొటోలు, మా ఆవిడ దర్జీ దుకాణం కొలతలు, అన్నీ పెద్దాయన దగ్గరే ఉండేవి. పెద్దాయన అంటే మా ఇంటి పెద్ద కాదు, ఎక్కడుంటుందో ఎవరికీ తెలియని ఒక పెద్ద కంపెనీ. ఉచితంగా దాస్తానంది, మేమూ ఇచ్చేశాం. ఆ ఉచితం ఎంత అనుచితమో నాలుగు నెలల కిందట తెలిసొచ్చింది. కొత్త చెవి కోసేముందు పాత చెవిని ఫోన్‌తో ఫొటో తీసుకోవడం నా అలవాటు. ఆ ఫొటోలన్నీ నాకు చెప్పకుండానే పెద్దాయన దగ్గరికి ఎక్కిపోయాయి. ఎక్కి కూర్చున్నవి ఊరుకోలేదు. ‘ఈ ఏడాది మీ మధుర స్మృతులు’ అని పేరు పెట్టుకుని, సంగీతంతో సహా, మా బావమరిది సెల్‌ఫోన్ల దుకాణంలో టీవీ మీద ఊరేగాయి. వాడి టీవీకి మా ఖాతా ఎప్పుడో నేనే కలిపి ఇచ్చాను. డాక్టరుగారి పెరటి తలుపు చెవి, బ్యాంకు ఆయన బీరువా చెవి, మా ఆవిడ దుకాణం చెవి, ఒకదాని తర్వాత ఒకటి, పైనుంచి గులాబీ రేకులు రాలుతుండగా! వచ్చేపోయే జనం నిలబడి చూశారట. మా వృత్తిలో చెవి ఫొటో ఉందంటే చెవి ఉన్నట్టే. పనితనం ఉన్నవాడు చూసి కోసేస్తాడు.

ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. పెద్దాయనకి టాటా, మన డేటా మన ఇంట్లోనే. ఒక పాత కంప్యూటర్ పెట్టె సంపాదించి, దాంట్లో లోపలి కథంతా ఎవరైనా విప్పి చూసుకోగలిగే సాఫ్ట్‌వేర్ వేసి, మూడు నెలలు మెడ విరిగేలా కూర్చుని, ఇంటిల్లిపాదినీ అందులోకి చేర్చాను. “లోపలిది అందరికీ తెలిస్తే భద్రం ఎలా అవుతుంది బావా?” అన్నాడు బావమరిది. “మంచి తాళం ఎలా చేస్తారో ఊరంతా తెలిసినా భయం లేదురా, చెవి నీ జేబులో ఉంటే చాలు” అన్నాను. ఆ మాటకి ఇప్పటికీ కట్టుబడి ఉన్నాను. తంటా అంతా చెవితోనే వచ్చింది.

ఇవాళ తెల్లారాక కరెంటు రెండు నిమిషాలు పోయి వచ్చింది. పెట్టె ఆగి, మళ్ళీ లేచి, మూడు నెలల్లో మొదటిసారి నన్ను పాస్‌వర్డ్ అడిగింది. నాకు తోచినవన్నీ కొట్టాను. ‘సరికాదు. మళ్ళీ ప్రయత్నించండి’ అంది. పెద్దాయన అయితే కనీసం ‘మీ చిన్నప్పటి స్నేహితుడి పేరు?’ అని కబుర్లాడేవాడు. ఇది నా సొంత పెట్టె, నా ఇంటి కరెంటు తింటుంది, నేనెవరో దానికి తెలియదు. ఊరందరికీ తాళాలు వేసేవాడికి వచ్చిపడింది తాళలేని బాధ.

వెనకగదిలో ముగ్గురు ఆడవాళ్ళు నా కోసం ఎదురుచూస్తున్నారు. మా ఆవిడ, మా అమ్మాయి, ఆసుపత్రి హెడ్ నర్సు.

“టైలరమ్మా, ఎల్లుండి కొత్త భవనం మొదలు” అంది హెడ్ నర్సు, గోడగడియారం వంక చూస్తూ. “నలభై ఆరు మందికి యూనిఫారాలు. మీకు కొలతలివ్వడానికి మావాళ్ళని డ్యూటీల మధ్యలోంచి ఒక్కొక్కరినీ లాక్కొచ్చేసరికి మూడు వారాలు పట్టింది. ఇప్పుడు కొలతలు లేవంటే నేనెవరికి చెప్పుకోను?”

“లేవని కాదండీ, ఉన్నాయి” అన్నాను. “పెట్టెలోనే ఉన్నాయి. పైసా నష్టం లేదు. తెరుచుకోవడమే ఆలస్యం.”

“సమాధిలో ఉన్నవాళ్ళు కూడా ఉన్నట్టే లెక్కయితే, ఉన్నాయి” అంది మా ఆవిడ. పదకొండేళ్ళ కొలతలు ఆవిడవి. ఎవరి భుజం ఏ పక్కకి వాలుతుందో, ఎవరికి నడుము దగ్గర ఒక వేలు వదలాలో, అన్నీ అందులోనే. నలభై ఆరులో పద్దెనిమిదికి గుడ్డ కత్తిరించడం అయింది. మిగతాది బల్ల మీద పరిచి ఉంది, కత్తెర కోసం ఎదురుచూస్తోంది. కొలతలు పోతే వచ్చేవి కలతలే.

“పెద్దాయన దగ్గర పాత ప్రతి ఉంటుందిగా?” అంది హెడ్ నర్సు.

“నాన్న చెరిపేశాడండీ” అంది మా అమ్మాయి. “ఒక్కటి వేరే ఉంచుకుందాం, బ్యాకప్ లేకపోతే ప్యాకప్పే నాన్నా అని నెత్తీనోరూ కొట్టుకున్నా. వినలేదు.”

ఎలా వింటాను? చెవి కోశాక అచ్చు పగలగొట్టాలి. నకలు మన దగ్గర ఉండకూడదు. అది మా నాన్న నాకు నేర్పిన మొదటి పాఠం, పనిముట్లు తరవాత ఇచ్చాడు. నకలు ఉన్నచోటుకి దొంగ దారి తెలుసుకుంటాడు. కొలతల్ని కొత్త పెట్టెలోకి మార్చిన రోజు సాయంత్రమే పెద్దాయన దగ్గరున్నవన్నీ, నా ఫోన్‌లోని చెవుల ఫొటోలతో సహా, మీట నొక్కి తుడిచేశాను. నొక్కి, చేతులు కూడా దులుపుకున్నాను.

“సరే, పాస్‌వర్డ్ ఎక్కడ రాశావు?” అంది అమ్మాయి.

“రాయలేదు. రాసినది ఎవడైనా చదువుతాడు.” ఇక్కడ నా గొంతులో కొంచెం గర్వం పలికిందని ఒప్పుకుంటాను. “కోసిన చెవిలో దాచాను. చెవికి ఎన్ని పళ్ళుంటాయో అన్ని అంకెలు. ఒక్కో పంటి లోతుకి ఒక్కో అంకె. ఏడు పళ్ళు, ఏడు అంకెలు. చెవి చేతిలో ఉంటే కొలిచి చదువుకోవచ్చు, చూసినవాడికి మాత్రం అదొక ఇత్తడి ముక్క. ఎలా ఉంది?”

“బావుంది” అంది అమ్మాయి, నిజంగానే. “ఏ చెవి?”

“మీ అమ్మ దుకాణం చెవి. ఎప్పుడూ ఆవిడ కొంగునే ఉంటుంది, అంతకన్నా భద్రమైన చోటు లేదు. ఏమే, ఇలా తే.”

మా ఆవిడ కొంగుముడి విప్పలేదు. నా వంక చూస్తోంది. పాతికేళ్ళ కాపురంలో ఆ చూపు నాలుగైదు సార్లు చూశాను, ప్రతిసారీ తప్పు నాదే.

“ఇప్పుడు నా కొంగున ఉన్నది కొత్త చెవి” అంది నెమ్మదిగా. “మీరు అంకెలు దాచుకున్నది పాతదాంట్లోనా?”

“పాతదాంట్లోనే.”

“పాతదాన్ని ఏం చేశారో గుర్తుందా?”

గుర్తొచ్చింది. స్టూలు లాక్కుని కూర్చున్నాను.

పోయిన నెల ఆవిడ దుకాణం తాళం మొరాయించింది. చెవి సగం దూరి ఆగిపోయేది. బయట బేరం నిలబడి ఉంది, ఆవిడ తొందర పెట్టింది. తుప్పు అనుకుని, తీగతో గెలికి తెరిచేసి, దాని చోట కొత్త తాళం బిగించేశాను. ఊరందరి తాళాలూ విప్పి చూసేవాడు సొంతింటి తాళం విప్పి చూడడు. ఆ తరవాత పద్ధతి ప్రకారం, పాత చెవిని ఆకురాయి కింద పెట్టి, ఆవిడ కళ్ళముందే, పన్ను పన్నూ నున్నగా అయ్యేదాకా అరగదీశాను. అరగదీస్తూ ఉపన్యాసం కూడా ఇచ్చాను.

“‘పనికిరాని చెవి లోకంలో ఉండకూడదే’ అన్నారు” అంది ఆవిడ. “‘అదే మన నీతి’ అన్నారు. నేను కాఫీ కలపడానికి లేస్తే, కూర్చోపెట్టి మరీ చూపించారు!”

హెడ్ నర్సు నోటికి అడ్డంగా చెయ్యి పెట్టుకుంది. దగ్గు మాత్రం కాదు.

“నాన్నా,” అంది అమ్మాయి, “అంటే నీ ఇంటికి నువ్వే తాళం వేసుకుని, చెవిని నువ్వే తినేశావు.”

“తినలేదు. అరగదీశాను.”

“తింటే కూడా అరిగేదే!”

పిల్లకి నా నోరే వచ్చింది. ఇంకో రోజైతే మురిసిపోయేవాణ్ణి.

మా ఆవిడ మాత్రం నవ్వలేదు. “నేను ఒక్కటే అడుగుతాను, చెప్పండి” అంది. “పెద్దాయన దగ్గరనుంచి వచ్చేద్దామన్నారు. నా కొలతలు ఎవడో చూస్తున్నాడన్నారు, సరే అన్నాను. పదకొండేళ్ళ పని మీ చేతిలో పెట్టాను. పెద్దాయన నన్ను అడగకుండా దాచుకున్నాడు. మీరు నన్ను అడగకుండా చెరిపేశారు. నాకు తేడా ఏంటో చెప్పండి.”

తేడా ఉంది. బోలెడంత ఉంది. గంటసేపు చెప్పగలను. నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాను. ఆవిడ అడిగినచోట మాత్రం తేడా లేదు.

నోటికి అలా తాళం పడటమే దారి చూపించింది. మా భాషలో తాళాన్ని కప్ప అంటాం. చెవి పోతేనేం? కప్ప ఉంటే చాలు! చెవి పళ్ళ లోతెంతో లోపలి మీటలు ఒక్కొక్కటీ చెబుతాయి. చెవి తాళాన్ని మరిచిపోవచ్చుగానీ, తాళం తన చెవిని మరిచిపోదు.

“ఆ పాత తాళం కప్ప ఎక్కడుంది?” అని లేచాను. “అది ఇస్తే అరగంటలో ఏడు అంకెలూ చదివేస్తాను!”

“ఉంది. గుడ్డ కత్తిరించేటప్పుడు జరక్కుండా బరువుకి పెట్టుకుంటున్నాను. బల్ల మీదే ఉంది” అంది ఆవిడ. “కానీ ఇవ్వను.”

“ఇవ్వవా!”

“ముందు నకలు ఉండకూడదన్న మీ నీతి తాళాలకే అని, నా కొలతలకి కాదని ఒప్పుకోండి. తెరిచాక మూడు ప్రతులు. ఒకటి ఇక్కడ, ఒకటి నా దుకాణంలో, ఒకటి మా తమ్ముడింట్లో. పాస్‌వర్డ్ నాకూ తెలియాలి. ఇక్కడ కాదు, బయట మెట్ల మీద, అందరిముందూ చెప్పండి. పొద్దుట్నించీ వాళ్ళు మనకి దొంగతనం జరిగిందనుకుంటున్నారు. లేని దొంగ కోసం నేను ఏడ్చినట్టుంది.”

హెడ్ నర్సు గడియారం చూసింది. “మధ్యాహ్నం రెండింటికి నేను డ్యూటీలో ఉండాలి. ఆలోపు కొలతలు కనపడకపోతే గుడ్డ పట్టుకుపోయి ఇంకొకరికి ఇస్తాను. ఏమనుకోకండి.”

తలుపు తీశాను. మెట్ల మీద జనం ఇంకొంచెం పెరిగారు. దొంగల సంఖ్య కూడా పెరిగింది. నేను బయటికి వచ్చేసరికి నలుగురు, ముసుగులతో.

“అయ్యా, అమ్మా, వినండి” అన్నాను. “దొంగలు లేరు. మా పిల్ల ఫోన్‌లో అన్నది ‘సర్వర్ పోయింది’ అని. సర్వర్ అంటే మా సామానంతా దాచుకున్న కంప్యూటర్ పెట్టె. మిషను రొదలో మా బావమరిదికి ‘సర్వం పోయింది’ అని వినపడింది. పెట్టె కూడా పోలేదు. దాని పాస్‌వర్డ్ పోయింది. అది దొంగిలించింది నేనే.”

ముందు పేపర్లావిడ నవ్వు మొదలుపెట్టింది, మిగతావాళ్ళు అందుకున్నారు. మేస్త్రీ అయితే తన కొత్త చెప్పు నేలకేసి కొట్టి మరీ నవ్వాడు. నేను ఆగలేదు. పాస్‌వర్డ్ అంకెలు దాచుకున్న చెవిని పద్ధతి ప్రకారం అరగదీసింది, ఆ అంకెలు ఇక పాత తాళం కప్పలోనే చదవాల్సింది, మా ఆవిడని అడక్కుండా పాత ప్రతి చెరిపింది, ఇకమీద మూడు ప్రతులు ఉంచబోయేది, అన్నీ చెప్పేశాను. తలమీది తట్ట దించుకున్నట్టయింది.

“ఊహించి కొట్టెయ్యకూడదా ఆ పాస్‌వర్డ్?” అన్నాడు మేస్త్రీ, కళ్ళు తుడుచుకుంటూ.

“అంత తేలిక కాదయ్యా. తాళంలో మీటకో అంకె. ఒకటి నుంచి తొమ్మిదిలో ఏదైనా కావచ్చు.”

“అంటే నలభై ఏడు లక్షల ఎనభై రెండు వేల తొమ్మిది వందల అరవై తొమ్మిది రకాలు” అన్నారు లెక్కల మాస్టారు, గొడుగు పిడి నిమురుకుంటూ. ఆయన నోటిలెక్కకి అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఒక్కడే కొట్టలేదు. మా అంబులెన్సు. మొదటిసారి మోత లేకుండా మెట్టు మీద కూలబడ్డాడు.

“బావా, ఆ పాత తాళం కప్ప… అక్క బల్ల మీద ఉండే ఇత్తడిదేనా?”

“అదే.”

“నీ దగ్గరికి వస్తూ అక్క దుకాణం చూశాను. షట్టరు సగం తెరిచి ఉంది, లోపల ఎవరూ లేరు. దొంగలు ఇక్కడికీ వస్తారేమోనని…” అటువైపు వేలు చూపించాడు. “బల్ల మీదున్న తాళం తీసి షట్టరుకి వేసి నొక్కేశాను. టక్కుమని పడింది. గట్టి తాళం బావా.”

లోకంలో చెవి లేని ఒకే ఒక తాళం, దాని వెనక నలభై ఆరు మంది నర్సుల గుడ్డ!

నాలుగు దుకాణాల దూరం. వీధంతా కలిసి నడిచింది. తాళాలాయన జనం చూస్తుండగా తీగతో తాళం తియ్యకూడదు, అది మా నాన్న రెండో పాఠం. ఇవాళ ఒక పాఠం ఎలాగూ పోయింది. అందరినీ అటు తిరిగి నిలబడమని చెప్పి, షట్టరు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. అమ్మాయి కాగితం పెన్సిలు తీసింది. మా ఆవిడ టార్చి పట్టుకుంది.

తీగ పెట్టాను. సగం వెళ్ళి ఆగిపోయింది. పోయిన నెల ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడే. తుప్పయితే కరకరమంటుంది. ఇది కణకణమంది. సన్న పట్టకారు దూర్చి, ఊపిరి బిగబట్టి లాగాను.

నా అరచేతిలో పడింది గోరంత ఇత్తడి ముక్క. విరిగిపోయిన ఒక చెవి కొస.

“మీరు కోసిందేనా?” అంది మా ఆవిడ.

టార్చి దగ్గరికి జరిపాను. ఆకురాయి గీతలు దస్తూరీ లాంటివి, ఎవరివి వాళ్ళకి తెలుస్తాయి. నావి అడ్డంగా, దగ్గర దగ్గరగా ఉంటాయి. ఇవి ఏటవాలుగా, ఆగి ఆగి పడ్డాయి. అలవాటు లేని చెయ్యి, ఓపికగల చెయ్యి. పళ్ళ లోతు మాత్రం ఆ కప్ప లోపలి మీటలతో పోలిస్తే వెంట్రుకవాసి తేడా లేదు.

“కోత నాది కాదే” అన్నాను. “కొలత మాత్రం నాదే. ఆ టీవీ మీద ఫొటో చూసి ఎవరో కోశారు. కోసి, పోయిన నెల ఇక్కడికొచ్చి, ఇందులో పెట్టి తిప్పారు. విరిగింది.”

అటు తిరగమన్న జనం ఎప్పుడో ఇటు తిరిగేశారు. దొంగలు లేరని వీళ్ళందరికీ చెప్పి పావుగంట కూడా కాలేదు. ఆ పావుగంటలో విన్న మాట ఒకటి ఇప్పుడు వచ్చి నా చెవిలో అడ్డం పడింది. మీటకో అంకె అని నేను మెట్ల మీద చెప్పాను. ఏడు మీటలని బయట ఎవరికీ చెప్పలేదు. ఏడని తెలియకుండా ఆ నలభై ఏడు లక్షల లెక్క ఎవరికీ రాదు.

గుంపులోకి చూశాను. లెక్కల మాస్టారు నిలబడ్డ చోట, గోడకి ఆనించి, ఆయన గొడుగు ఒక్కటే ఉంది.